నోటీసెందుకు, బుల్డోజరుండగా!

పరిపాలన నేర్చుకోవడానికి మన కార్పొరేటర్లు అప్పుడప్పుడూ స్టడీ టూర్లకు వెళ్తుంటారు. ఈసారి సింగపూర్ మానేసి షికాగో వెళ్లాలని నా సవినయ మనవి. అక్కడ చూడాల్సింది ఒక విమానాశ్రయం. అది ఇప్పుడు లేదు. విశేషమంతా ఆ లేకపోవడంలోనే ఉంది.

దాని పేరు మెగ్స్ ఫీల్డ్. మిషిగన్ సరస్సు ఒడ్డున, డౌన్‌టౌన్‌ను ఆనుకుని, సాక్షాత్తు నగరపాలక సంస్థ సొంత ఆస్తి. ఉన్నది ఒకటే రన్‌వే, దిగేవి ఎక్కువగా చిన్న విమానాలు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ పాత వెర్షన్లు ఆడినవాళ్లకు బాగా తెలుసు: గేమ్ తెరవగానే మన విమానం నిలబడి ఉండేది అక్కడే. టేకాఫ్ చేతకాక సరస్సులో పడ్డ కుర్రాళ్లు మనలోనూ చాలామందే ఉన్నారు.

మేయర్ రిచర్డ్ డేలీ గారికి అక్కడ పార్కు కావాలి. 2001లో గవర్నరుతో కూర్చుని, 2026 దాకా విమానాశ్రయం ఉంచుతామని ఒప్పుకున్నారు. ఆ ఒప్పందానికి కేంద్ర చట్టం తోడు రాలేదు. ఇక మాటకు కట్టుబడాల్సిన అగత్యం ఏముంది?

మామూలు మేయరైతే కౌన్సిల్లో తీర్మానం, పత్రికల్లో ప్రకటన, అభ్యంతరాల స్వీకరణ అంటూ కాలయాపన చేసేవాడు. డేలీ గారు 2003 మార్చి 30 అర్ధరాత్రి పోలీసు బందోబస్తుతో బుల్డోజర్లు పంపారు. మూసేసిన రన్‌వే మీద పెద్ద ఇంటూ గుర్తు వేయడం వైమానిక రంగంలో ఆనవాయితీ. అందరూ పెయింటుతో వేస్తారు. ఆయన తవ్వించి వేయించారు. నియమాన్ని ఇంత లోతుగా పాటించిన అధికారిని నేనింకెక్కడా చూడలేదు.

తెల్లారేసరికి 16 విమానాలు లోపలే చిక్కుకుపోయాయి. తర్వాత పాపం టాక్సీవే (విమానాలు రన్‌వే దాకా నడిచి వెళ్లే పక్క దారి) మీదే పరుగెత్తి ఎగిరిపోయాయి. రన్‌వేతో పాటు టాక్సీవే కూడా తవ్వించకపోవడం ఒక్కటే ఈ కార్యక్రమంలో నాకు కనబడ్డ లోపం.

కారణం ఏం చెప్పారంటే, భద్రత. ఉగ్రవాదులు చిన్న విమానంలో వచ్చి ఆకాశహర్మ్యాలను ఢీకొడతారని భయం. ఢీకొట్టదలచినవాడు ముందుగా మెగ్స్‌లో దిగి, పార్కింగ్ ఫీజు కట్టి, టీ తాగి బయల్దేరతాడని ఆయన లెక్క కాబోలు. అర్ధరాత్రే ఎందుకని అడిగితే, మరో దారిలో వెళ్తే అనవసరంగా గొడవలయ్యేవన్నారు. నిజమే మరి. జనాన్ని అడిగితే జనం జవాబు చెబుతారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

విమానాశ్రయం మూయాలంటే కేంద్ర విమానయాన సంస్థకు 30 రోజుల ముందు నోటీసివ్వాలి. ఇవ్వకపోతే అప్పట్లో రోజుకు 1,100 డాలర్ల జరిమానా. అంటే మొత్తం 33,000. సరస్సు ఒడ్డున అంత స్థలం ఇంత చవగ్గా ఇంకెవరికి దొరికింది? పైగా కూల్చివేతకు వాడింది విమానాశ్రయాల అభివృద్ధి నిధులు! అభివృద్ధంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? 2006లో రాజీ కుదిరి ఆ జరిమానాతో పాటు 10 లక్షల డాలర్లు వెనక్కి కట్టాల్సి వచ్చింది. కట్టింది నగర ఖజానా, ఆయన జేబు కాదు. మరుసటేడు ఎన్నికల్లో మళ్లీ ఆయనే గెలిచారు.

టూరుకు వెళ్లే కార్పొరేటర్లకు ఒక చిన్న సూచన. ఆ సంఘటన తర్వాత అమెరికాలో జరిమానా రోజుకు 10,000 డాలర్లకు పెంచారు. బడ్జెట్లో ఆ పద్దు ముందే చూపించుకోండి.