చెప్పాపెట్టకుండా ఆగిపోయే సీపీయూ గారికి

మహారాజశ్రీ సీపీయూ గారి దివ్య సముఖానికి,

మీ డీటీపీ ఆపరేటరు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరి కుశలం ఏపాటిదో నిన్న మధ్యాహ్నం ఆడపెళ్లివారు కుటుంబంతో సహా చూసి వెళ్లారు కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను.

నిన్నటి సంగతి తమకు గుర్తుండదు. కరెంటు తెగితే ర్యామ్‌లో ఏమీ మిగలదు కదా. నాకు మిగిలింది కాబట్టి నేనే చెబుతాను. పెళ్లికార్డు కొడుతున్నాను. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అయ్యాయి. వినాయకుడి బొమ్మ పడింది. పెళ్లికొడుకు పేరు, చదువు, ఉద్యోగం, అది డాలస్‌లో అన్న విషయం కూడా వచ్చేశాయి. పెళ్లికూతురి తండ్రి నా భుజం మీదుగా వంగి, "చి.ల.సౌ. తర్వాత కాస్త జాగా వదలండి బాబూ" అంటున్నారు. అమ్మాయి పేరులో రెండో అక్షరం పడిందో లేదో, తమరు ఆగిపోయారు. ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంది. పక్క కొట్లో జిరాక్స్ మిషను నడుస్తూనే ఉంది. కరెంటు పోయిందని అబద్ధం చెప్పుకునే దారి కూడా లేకుండా చేశారు.

మేనమామ గారు నెమ్మదిగా, "సరిగ్గా అమ్మాయి పేరు దగ్గరే ఆరిపోయిందేంటి బావా" అన్నారు. అంతే. అమ్మాయి తల్లి చేతిసంచీ అందుకున్నారు. పెన్‌డ్రైవ్ జేబులోకి వెళ్లిపోయింది. "మళ్లీ వస్తాంలెండి" అన్నారు. ఆ మాటకి అర్థం విజయవాడలో కొట్టు పెట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. పెద్దకర్మ కార్డులు కూడా ఇదే కుర్చీలో కూర్చుని, ఇదే తమరి మీద కొడుతుంటాను. వాటి మధ్యలో తమరు ఒక్కసారి కూడా ఆగిన పాపాన పోలేదు.

తమరి జబ్బు కనిపెట్టడానికి ఎండలు ముదిరినప్పటి నుంచి ఏమేం చేయించానో కూడా విన్నవించుకుంటాను. మొదట వోల్టేజీ అన్నారు, యూపీఎస్ మార్చాను. తర్వాత హార్డ్‌వేర్ అబ్బాయి వచ్చి ర్యామ్ పీకి, స్కూలు పిల్లలు వాడే రబ్బరుతో దాని అంచులు రుద్ది మళ్లీ గుచ్చాడు. తమరు సాయంత్రం దాకా బాగానే ఉన్నారు, ఎందుకంటే ఆ రోజు మబ్బు పట్టింది. మర్నాడు వైరస్ అన్నాడు. "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా" అన్నాడు. ఏ రోగానికైనా వాడి దగ్గర ఆఖరి మందు అదే. కొట్టేశాడు. ప్రింటర్ డ్రైవర్లు పోయాయి, తెలుగు కొట్టే అను ఫాంట్లు మళ్లీ ఎక్కించుకున్నాను, కీబోర్డు లేఅవుట్ మళ్లీ సెట్ చేసుకున్నాను. జబ్బు మాత్రం చెక్కుచెదరలేదు. లోపలికి కరెంటు అందించే డబ్బా, అదే ఎస్సెంపీఎస్, విప్పితే అందులో ఎండిపోయిన బల్లి దొరికింది. అదే కారణమని అందరం సంతోషపడ్డాం. పాపం, దానికీ దీనికీ సంబంధం లేదు.

నిజానికి చూసే కళ్లుంటే ఆనవాళ్లన్నీ ఎదురుగానే ఉన్నాయి. పొద్దున పదింటికి ఎంత పనైనా చేస్తారు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం, కొట్లోనే 40 డిగ్రీలు దాటాక, తమరికి కోపం వస్తుంది. విజిటింగ్ కార్డు కొడితే ఊరుకుంటారు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ తెరిచి, కింద వరసలో నలభై మంది కార్యకర్తల తలలు అతికిస్తుంటే పోతారు. (ఆ విషయంలో తమరి మీద నాకు కొంత సానుభూతి ఉంది.) పని పెరిగితే తమరి లోపల లెక్కలన్నీ చేసే చిప్పు, అదే ప్రాసెసర్, వేడెక్కుతుంది. దాని మీద వేడి లాగే లోహపు రేకుల హీట్‌సింకూ ఫ్యానూ ఎంత తిప్పలు పడ్డా గదిలో గాలి కన్నా దాన్ని చల్లబరచలేవు. ఆగిపోయిన వెంటనే ఆన్ చేసి, విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల తెర బయోస్‌లోకి వెళ్లి చూస్తే, ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్న ప్రాసెసర్ వేడి 90 దాటి ఇంకా పైకి పాకుతోంది. ఈ పని మొదటిరోజే చేసి ఉంటే అన్ని ఫాంట్లు మళ్లీ ఎక్కించే బాధ తప్పేది. కానీ ఫార్మాట్ కొడితే డబ్బులొస్తాయి, బయోస్‌లో అంకె చూస్తే ఎవరిస్తారు?

ఆఖరికి పక్క మూత తీసి, హీట్‌సింకు చూశాం. రేకుల మధ్య దుమ్ము పాత పరుపులో దూదిలా దట్టంగా కూరుకుపోయి ఉంది. దసరాకి ఆయుధపూజ పేరుతో తమరి ముందు వెలిగించిన అగరొత్తుల మసి కూడా అందులో ఉండే ఉంటుంది. హీట్‌సింకుని మదర్‌బోర్డుకి పట్టి ఉంచే ప్లాస్టిక్ కాళ్లు నాలుగు. వాటిలో మూడే లాకై ఉన్నాయి, నాలుగోది పైకి లేచి ఉంది. కింద, ప్రాసెసర్‌కీ దానికీ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండి పొడి పొడిగా రాలింది. ఒక పక్క ఎత్తుగా, మధ్యలో గాలి. సందులో చిక్కిన గాలి వేడిని సరిగ్గా మోయదు, అందుకే కదా ఆ పేస్టు పూసేది. ఆ కాలు ఎప్పుడు లేచిందో, ఎవరి చేతిలో లేచిందో అడగను. అబ్బాయి ఆ ప్రశ్న రాకముందే టీ తాగడానికి వెళ్లాడు.

ఇదంతా సరే. దుమ్ము ఎవరికైనా పడుతుంది, ఎండ అందరికీ కొడుతుంది. తమరు వేడెక్కినందుకు నాకేమీ బాధ లేదు. నా బాధంతా ఒక్కటే. వెళ్లేముందు ఒక్క మాట చెప్పకూడదా?

తమరికి తెలియక కాదు. ప్రాసెసర్ లోపలే వేడి కొలిచే సెన్సార్ ఉంది. 100 డిగ్రీల దగ్గరికి రాగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నేను కొట్టిన అక్షరం తెరమీదికి నింపాదిగా వస్తుంటే కార్డులు కొట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ముసలిదైపోయిందనుకున్నాను. అప్పటికే తమరు లోపల ఉడుకుతున్నారన్నమాట. ఇంకా పెరిగితే బోర్డుకి సైగ చేస్తుంది, బోర్డు కరెంటు కోసేస్తుంది. బోర్డుకి చెప్పారు. ఎదురుగా కూర్చున్న నాకు చెప్పలేదు. అప్‌డేట్ వచ్చినప్పుడు మాత్రం "దయచేసి కంప్యూటర్ ఆపవద్దు" అని నా చేతులు కట్టేసి కూర్చోబెడతారు. తమరు ఆపుకునేటప్పుడు ఆ దయ ఏమైంది? తిరిగి లేచాక, జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టుకునే చిట్టా ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే కెర్నల్ పవర్, 41 అని ఒక ఎర్ర గుర్తు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ మొదలైందట! ఎవరు చేశారండీ షట్‌డౌన్? నేనా?

అసలు మండింది ఇది కాదు. నిన్న రాత్రి బయోస్‌లో వెతుకుతుంటే ఒక వరస కనిపించింది. సీపీయూ వేడి ఇంత దాటితే హెచ్చరించాలా అని. 60, 70, 80, 90, ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. దాని పక్కన రాసి ఉంది, డిసేబుల్డ్. నేను చేయలేదు, అబ్బాయీ చేయలేదు, తమరు కొట్లోకి అడుగుపెట్టిన రోజు నుంచీ అంతే. సరే ఆన్ చేద్దామంటే, బీప్ కొట్టడానికి క్యాబినెట్‌లో చిన్న స్పీకరు కూడా లేదు. బోర్డు మీద దానికి పిన్నులున్నాయి, స్పీకరే ఇవ్వలేదు. అంటే నీకు నోరుంది, కట్టేసి పంపారు. నువ్వూ నోరు మూసుకుని కూర్చున్నావు. క్యాబినెట్ ముందు రంగురంగుల లైట్లు మాత్రం ఇచ్చారు. ఏం చేసుకోను వాటితో? ఒక్క బీప్. ఒక్కటంటే ఒక్కటి కొట్టి ఉంటే కంట్రోల్ ఎస్ నొక్కి, "ఉండండి సార్, కాఫీ తాగొద్దాం" అని వాళ్లని లేపి తీసుకెళ్లేవాడిని. సీజన్‌లో వచ్చిన మంచి ఆర్డరు, నీ మూలంగా పోయింది. ఆ పిల్ల కాపురంలో రేపు ఏ చిన్న గొడవ జరిగినా వాళ్ల ఇంట్లో నా కొట్టు పేరే తలుచుకుంటారు.

నిన్ను అమ్మేసి కొత్తది తెచ్చుకోవచ్చు కదా అంటున్నారు. తెస్తాను. ఇన్నేళ్ల కార్డులన్నీ నీ పొట్టలో అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే నా తెలుగంతా పిచ్చి గీతలు. అక్కకి కొట్టిన కార్డే పట్టుకొచ్చి చెల్లికి పేర్లు మార్చి ఇమ్మంటారు, ఆ ఫైలు ఎవడి దగ్గరుంది? అది తెలిసే నీకింత పొగరు.

కాలు నొక్కి బిగించాం, టక్కుమని చప్పుడు వినిపించేదాకా. పాత పేస్టు తుడిచి కొత్తది పూశాం. దుమ్ము బ్లోయర్‌తో కొట్టించాను. స్పీకరు కొని పిన్నులకి తగిలించాను, హెచ్చరిక 80 దగ్గర పెట్టాను. మూత ఇంకా బిగించలేదు. కొట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ నీ వైపే తిప్పాను. వచ్చిన కస్టమర్లు "గాలి రావట్లేదండీ" అంటే, "ముందు మిషనుకండీ" అని చెబుతున్నాను.

ఇట్లు,
చెమటలు కక్కుతూ ప్రూఫు దిద్దుకుంటున్న
మీ ఆపరేటరు