చీరకు వేల ఛాయలు, అన్నయ్యకు ఒక్కటే

మా అన్నయ్య కూతురి పెళ్లి ఆల్బమ్ వచ్చింది. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక స్టూడియోవాళ్లు చేశారు. ఫోటోలో వెలుగునీడలను దిద్దే విద్య మన ఊళ్లో ఎంత ఎత్తుకు ఎదిగిందో చెప్పకపోతే పాపం.

ముందు చీర సంగతి. ముదురు వంకాయరంగు పట్టుచీర. కెమెరాలో మడతలన్నీ నల్లటి ముద్దలా పడ్డాయట. ఎడిటింగ్ కుర్రాడు షాడోస్, అంటే నీడ పడ్డ చోట్ల వెలుగు, కాస్త లేపాడు. కర్వ్స్ అని వెలుగునీడలను దిద్దే గీత ఒకటుంటుంది, అందులో చీకటి వైపు భాగాన్ని కొంచెం నిటారు చేశాడు. ఫోటోకు పదును పెట్టే అన్‌షార్ప్ మాస్క్‌లో అమౌంట్ 20, రేడియస్ 50 పెట్టి లోకల్ కాంట్రాస్ట్, అంటే పక్కపక్క ఛాయల మధ్య తేడా, రాబట్టాడు. మడత మడతా విడివడింది. జరీ పోగులు లెక్కపెట్టుకోవచ్చు. వెనకాల పందిరి గుంజకు కట్టిన అరటిచెట్టు పొరలు కూడా ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. అరటిచెట్టును ఇంత గౌరవంగా ఎవరూ చూసి ఉండరు.

ఇక ముఖాలు. ముఖానికి ముక్కు ఉండాలన్నది పాతకాలపు నమ్మకం. పక్కన సన్నటి నీడ ఉంటేనే ముక్కు ముక్కులా కనిపిస్తుంది. కుర్రాడు ఆ నీడను మచ్చ అనుకుని తుడిచేశాడు. పెళ్లికూతురు, పంతులుగారు, సన్నాయి ఊదేవాళ్లు, అందరిదీ ఒకటే తెలుపు. మే నెల మిట్టమధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి కృష్ణలోకి చూస్తే కళ్లకు తగిలేది సరిగ్గా ఆ తెలుపే.

అన్నయ్య చామనఛాయ దాటి నాలుగడుగులు వేసిన మనిషి. ఆల్బమ్‌లో ఆయన్ని చూసి వదిన అడిగింది: "ఎవరండీ ఈయన, వియ్యాలవారి తాలూకా?"

ఉండబట్టలేక స్టూడియోకి వెళ్లాను.

"బాబూ, కెమెరా పట్టింది పట్టినట్టు దాచే 14 బిట్ రా ఫైల్‌లో ఒక్కో రంగుకు 16,384 వెలుగు మెట్లుంటాయి కదా. దాన్ని కుదించి జేపెగ్ ఫోటో చేసినా 256 మిగులుతాయి. మా అన్నయ్యకు ఓ పది ఇవ్వలేకపోయావా?"

"ఇస్తే మీవాళ్లే ఊరుకోరంకుల్. ఇంకా తెల్లగా చెయ్యమంటారు. చీర గురించి ఎవరూ ఏమీ చెప్పరు, అందుకే అది బాగా వస్తుంది."

తిరుగులేని మాట. హిస్టోగ్రామ్ చూపించాడు. ఫోటోలో ఏ వెలుగు ఎంతుందో చెప్పే పటం అది, ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. బుగ్గలన్నీ కుడిగోడకు, అంటే సున్నా నుంచి లెక్కపెడితే ఆఖరి మెట్టైన 255కు అతుక్కుపోయి ఉన్నాయి. జేపెగ్‌లో అక్కడిదాకా పోయిన వివరం మళ్లీ వెనక్కి రాదు. అసలు రా ఫైల్ ఇవ్వమన్నాను. హార్డ్ డిస్క్ నిండిపోతే తీసేశారట.

అన్నయ్య మాత్రం ఆ ఫోటోను పెద్దది చేయించి హాల్లో పెట్టించాడు. కింద పేరు రాయించమని వదిన పట్టుబడుతోంది.