300 మీటర్ల వీరునికి మణికట్టు సేవకుని విన్నపం

మహారాజశ్రీ చేతి గడియారం గారి సముఖమునకు,

తమ మణికట్టు సేవకుడు నమస్కరించి విన్నవించుకొనునది. ఉభయకుశలోపరి. నేను నిలువునా తడిసి, జలుబు చేసి, ముక్కు తుడుచుకుంటూ ఇక్కడ క్షేమంగా ఉన్నాను. తమరు బీరువాలో, పెట్టెలో, మెత్తని దిండుకు చుట్టుకొని పొడిగా క్షేమంగా ఉన్నారని ఇప్పుడే తలుపు తీసి చూసి వచ్చాను గనుక ఆ సంగతి అడగను.

తమరి ముఖాన ముళ్ల కింద, కళ్లు చికిలించి చూస్తే తప్ప కనబడనంత చిన్న అక్షరాలలో, 300 మీటర్లు అని రాసి ఉంది. పది మీటర్ల లోతుకు దాదాపు ఒక వాతావరణ పీడనం చొప్పున లెక్క కడితే, ముప్పై వాతావరణాల బరువు మీద పడినా తమరు చలించరని దాని అర్థం. ఆ అంకె చూసే కదా నేను మనసు పడ్డాను. ఇది కట్టుకొని సముద్రంలోకి దిగవచ్చునని అమ్మినాయన చెబుతుంటే, నాకు ఈత రాదన్న ముక్క ఆ సమయంలో ఆయన చెవిన వేయడం మర్యాద అనిపించలేదు. గట్టున నిలబడి పాదాలు తడుపుకోవడమే నేను ఇంతవరకు చేసిన జలసాహసం.

తమరు రాకముందు నీటితో నాకు ఏ తగాదా లేదు. అంతకుముందు ఒక ప్లాస్టిక్ డిజిటల్ వాచీ ఉండేది. దాని మీద ఏ లోతూ రాసి ఉండేది కాదు. నీటికి తట్టుకుంటుంది అని ఒక్క మాట మాత్రం ఉండేది. దానితో స్నానం చేశాను, వానలో తిరిగాను, ఒకసారి జేబులో మరచిపోయి వాషింగ్ మెషీన్‌లో కూడా వేశాను. గంటన్నర తరువాత తీసి చూస్తే, తడి చొక్కా మడతలోంచి అలారం కొడుతూ పలకరించింది. దాని గురించి ఒక్క రాత్రి కూడా నాకు నిద్ర చెడలేదు. ఇప్పుడు కుళాయి ముందు నిలబడగానే ఎడమ చెయ్యి తనంతట తానే వీపు వెనక్కు వెళ్లిపోతుంది. మిగిలిన కుడి చెయ్యి తనను తాను కడుక్కోవాలి. ఒంటి చేత్తో చప్పట్లు కొట్టలేమంటారు గాని, ఒంటి చేత్తో ఆ చేతినే కడుక్కోవడం అంతకన్నా కష్టం. వేళ్లు ఒకదాన్నొకటి రుద్దుకుంటూ, బొటనవేలు అరచేతిలోకి వంగి, మొత్తం మీద వెల్లకిలా పడిన పీతను తలపిస్తుంది.

తమరి వంశ చరిత్ర నాకు తెలియనిది కాదు. 1926లో రోలెక్స్ వారు ఆయిస్టర్ అనే పేరుతో, వెనుక మూతా, పక్కన ఉండి కీ ఇచ్చే గుండ్రని బిరడా, అదే క్రౌనూ, మరలతో బిగిసే కేసును, అంటే యంత్రాన్ని మూసి ఉంచే లోహపు గూడును తెచ్చారు. మరుసటి ఏడాది అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఇంగ్లిష్ చానల్ చన్నీళ్లలోకి ఆ నెలలోనే రెండవసారి దిగినప్పుడు, ఆ గడియారాన్ని మెడలో వేసుకొని వెళ్లింది. పది గంటలకు పైగా ఈదిన తరువాత చలికి ఒళ్లు కొయ్యబారిపోతే ఆమెను పడవలోకి లాగవలసి వచ్చింది. గడియారం మాత్రం నడుస్తూనే ఉంది. నెల దాటిన కొద్ది రోజులకే ఒక లండన్ దినపత్రిక మొదటి పేజీ నిండా గడియారం విజయగాథ అచ్చయింది. ఆనాడే నాకు అర్థం కావలసింది: మీ వంశంలో ఒకరిని ఒంటి మీద వేసుకొని నీళ్లలోకి దిగితే వణికేది మనిషి, పేరు గడియారానిది.

1953 నాటికి నిజమైన డైవర్ల కోసం తమరి వంటి వారు పుట్టుకొచ్చారు. అంచున తిరిగే ఆ వలయం, అదే బెజెల్, నీటి అడుగున ఎన్ని నిమిషాలు గడిచాయో లెక్క తప్పకుండా ఉండేందుకు పెట్టినది. డైవరు ఊపిరి ఆ లెక్క మీద ఆధారపడి ఉండేది. ఇక 1960 జనవరి 23న ట్రియెస్ట్ అనే జలాంతర వాహనం మరియానా అగాధంలో సుమారు 10,900 మీటర్ల లోతుకు దిగినప్పుడు జరిగిన ఏర్పాటు నాకు మరీ ఇష్టం. జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అనే ఇద్దరు మనుషులు మందపాటి ఉక్కు గోళం లోపల భద్రంగా కూర్చున్నారు. ప్రయోగం కోసం ప్రత్యేకంగా చేసిన గడియారాన్ని గోళం బయట కట్టారు. మనిషి లోపల, గడియారం బయట. ఈ వరుసను దయచేసి గుర్తుంచుకోండి, లేఖ చివరలో మళ్లీ అవసరపడుతుంది.

ఇంత చరిత్ర ఉన్నా నా భయం పోకపోవడానికి కారణం తమరి భాషే. పూర్వం మీవాళ్లు వాటర్‌ప్రూఫ్ అని దర్జాగా చెప్పుకునేవారు. తరువాత ప్రమాణాలు రాసే పెద్దలు ఆ మాట కూడదని, వాటర్ రెసిస్టెంట్ అనాలని తేల్చారు. నీరు చొరనిది కాస్తా నీటిని ప్రతిఘటించేదైంది. ప్రతిఘటిస్తుందన్నారే తప్ప గెలుస్తుందని ఎవరూ అనలేదు. పైగా ఆ మీటర్ల అంకెలు మీటర్లు కావట. 30 మీటర్లంటే చేతులు కడుక్కునేటప్పుడు నాలుగు చుక్కలు పడినా ఫరవాలేదని, 50 అంటే కాస్త ఈదవచ్చునని, 100 అంటే ధైర్యంగా ఈదవచ్చునని, డైవింగ్ మాట 200కు చేరాకే ఎత్తాలని వాడుకలో చెబుతారు. అంకెను అంకెగా చదవకూడదని తెలుసుకున్నాక, నా 300కు కూడా లోపల ఇంకేదో అర్థం ఉండి ఉంటుందన్న అనుమానం పట్టుకుంది. న్యాయంగా చెప్పాలంటే, డైవర్ల గడియారం అనిపించుకోవడానికి ఉన్న ఐఎస్ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం కఠినమైనదే. అక్కడ నమూనాకు ఒకటి రెండు కాకుండా ప్రతి గడియారాన్నీ, రాసిన దానికన్నా పాతిక శాతం ఎక్కువ పీడనంలో పరీక్షిస్తారు. చెయ్యి విసురుగా ఊపితే పీడనం విపరీతంగా పెరుగుతుందని ఒక మిత్రుడు భయపెడితే, అది కూడా కాగితం మీద లెక్క వేశాను. సెకనుకు పది మీటర్ల వేగంతో నీటిని కొట్టినా అదనంగా పడేది అర వాతావరణమే, అంటే అయిదు మీటర్ల లోతుతో సమానం. లెక్క సరిపోయింది. భయం మాత్రం లెక్కల్లో ఎప్పుడూ బలహీనమే గనుక అది తగ్గలేదు.

అసలు నా భయమంతా తమరి గురించి కాదు, తమరి లోపలి రబ్బరు రింగు గురించి. ఉక్కు కేసు, నీలమణి గాజు, వందలాది సూక్ష్మ భాగాల యంత్రం, ఇంత వైభవమూ చాలావరకు మిల్లీమీటరు మందం కూడా ఉండని రింగుల దయ మీద నిలబడి ఉంది. వెనుక మూత దగ్గర ఒకటి, గాజు చుట్టూ ఒకటి, క్రౌన్ గొట్టంలో ఒకటి రెండు. వయసు మీద పడితే అవి ఎండుతాయి, గట్టిపడతాయి, నొక్కుకుపోతాయి. వేడినీళ్లు, ఆవిరి, సబ్బు, సెంటు ఏవీ వాటికి పడవు. వేడి స్నానం నుంచి చల్లటి గదిలోకి వస్తే లోపలి గాలి ముడుచుకొని, ఎక్కడైనా సందు ఉంటే తేమను పీల్చుకోవాలని చూస్తుంది. మహారాజుకు కోట ఉంది, కందకం ఉంది, ఏనుగుల దళం ఉంది. కోట గుమ్మం దగ్గర మాత్రం ఒక ముసలి కాపలావాడు కునుకు తీస్తున్నాడు. తమరి ఎడమ పక్కన హీలియం వాల్వు కూడా ఉంది. సముద్రగర్భంలో హీలియం కలిసిన గాలిలో రోజుల తరబడి నివసించే డైవర్లు పైకి వచ్చేటప్పుడు, లోపలికి చొరబడిన ఆ వాయువు గాజును ఎగరగొట్టకుండా దాన్ని పెట్టారు. హీలియంతో నాకున్న పరిచయం బెలూన్లతో ముగిసింది.

ఇక అసలు ఫిర్యాదు. ముప్పై రోజుల నెల ముగిసిన తరువాత తమరికి ఆ సంగతి తెలియదు గనుక, మంగళవారం ఉదయం తేదీ గడిలో 31 పెట్టుకొని కూర్చున్నారు. క్రౌన్ మర విప్పి, లాగి, తేదీని ఒకటికి తిప్పాను. ఇంతలో ఫోను మోగింది. క్రౌన్‌ను లోపలికి నెట్టాను గాని మర బిగించలేదు. మధ్యాహ్నం ఏదో పరధ్యానంలో, పాత రోజుల్లోలాగా రెండు చేతులూ కుళాయి కింద పెట్టాను. నీళ్లు చిమ్మాయి. ఆ తరువాత చూశాను: క్రౌన్ కేసు నుంచి కొంచెం పైకి లేచి ఉంది, దాని మెడ దగ్గర, సరిగ్గా ఆ సందులో, ఒక నీటి చుక్క గుండ్రంగా, నిర్భయంగా, ఇంటివాడు తలుపు తీసి ఉంచితే లోపలికి రమ్మంటారా అని అడుగుతున్నట్లు నిలిచి ఉంది. క్రౌన్ బిగించి ఉంటేనే 300 మీటర్లు. బిగించకపోతే ఆ అంకెకు ఎవరూ పూచీ పడరు. కాగితంతో అద్దాను. తరువాత తమరి బెజెల్‌ను మొదటిసారిగా దాని అసలు ప్రయోజనానికి దగ్గరగా వాడాను: చుక్క పడి ఎన్ని నిమిషాలైందో లెక్కపెట్టాను.

ఆ రాత్రి టార్చి వేసి తమరి ముఖాన్ని పరీక్షించాను. పది దాటాక గాజు మీద సన్నని ఆవిరి పొర కనబడింది. గుండె నీరైపోయింది. తమరి లోపలికి పోయిందో లేదో తెలియని నీరు నా గుండెలోకి మాత్రం నిస్సందేహంగా చేరింది. స్ప్రింగులు తుప్పు పట్టడం, డయల్ మచ్చలు తేలడం, అన్నీ కళ్ల ముందు కదిలాయి. వణికే బొటనవేలితో గాజును రుద్దితే ఆ పొర పోయింది. మళ్లీ వంగి చూశాను, మళ్లీ వచ్చింది. నాలుగవసారి గాని తెలియలేదు, అది నా ఊపిరి.

బియ్యం డబ్బాలో పాతిపెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. నీటిని లోపలికి రానివ్వని రింగు, లోపలి తేమను బియ్యం కోసం బయటికి ఎందుకు పంపుతుందో ఆయన చెప్పలేదు. దానికన్నా శాస్త్రీయమైన పరీక్ష ఒకటి ఉంది. గడియారాన్ని 40 నుంచి 45 డిగ్రీల వేడి పలక మీద ఉంచి, వేడెక్కిన తరువాత గాజు మీద చల్లటి నీటి చుక్క వేసి, నిమిషం ఆగి తుడిచి చూస్తారు. లోపల తేమ ఉంటే గాజు లోపలి వైపున ఆవిరి పడుతుంది. అంటే, నీటి చుక్క పడిందని ఏడుస్తున్నవాడు, ఆ ఏడుపు ఆపుకోవడానికి, తన చేతులారా మరో నీటి చుక్క వేయాలి. మందు పోసే డ్రాపరులో నీళ్లు నింపి, తమరి ముఖానికి అంగుళం ఎత్తున పట్టుకొని అరగంట కూర్చున్నాను. చుక్క డ్రాపరు మొన దాకా వచ్చి, వేలాడి, నా చెయ్యి బిగుసుకోగానే లోపలికి వెళ్లిపోయింది. చివరకు ఆ నీళ్లు కుండీలో పోశాను, మొక్క సంతోషించింది.

మరునాడు సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్లాను. అక్కడి మెకానిక్ తమరిని చిన్న గాలిగదిలో పెట్టి, గాజు మీద సన్నని మొన ఒకటి మోపి, పీడనం పెంచాడు. లోపలికి గాలి చొరబడకుండా ఉంటే కేసు కొన్ని మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు, వంగి అలాగే నిలబడుతుందట. ఎక్కడైనా కారితే వంగినది మెల్లగా తిరిగి వస్తుందట. తమరు వంగారు, నిలబడ్డారు. పచ్చదీపం వెలిగింది. ఏడాదికొకసారి ఈ పరీక్ష చేయించండి, సర్వీసు చేసినప్పుడు రింగులు మార్పించండి, క్రౌన్ బిగించడం మరవకండి అని చెప్పి, సార్, మీరు డైవింగ్ ఎక్కడ చేస్తారు అని అభిమానంగా అడిగాడు. నేను నీళ్లు నమిలాను. నా మౌనాన్ని వినయం అనుకున్నట్లున్నాడు. మహా డైవరు గడియారం కదా అని, తమరిని చొరవగా కుళాయి కింద పట్టి, చుక్క సబ్బు వేసి, మెత్తని బ్రష్షుతో గొలుసు సందులన్నీ తోమి కడిగాడు. ఆ అర నిమిషంలో నేను ఏ శబ్దం చేశానో నాకు గుర్తు లేదు గాని, పక్క బల్ల దగ్గర ఇద్దరు తలెత్తి చూశారు.

తిరిగి వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. పచ్చదీపం వెలిగి గంట కూడా కాలేదు, ముప్పై వాతావరణాల ధీరుడని నిరూపణ అయిన తమరు నా చేతికే ఉన్నారు. అయినా చెట్టు కిందికి పరుగెత్తి, తమరిని విప్పి, పాలిథీన్ సంచిలో చుట్టి, ఆ సంచిని రుమాలులో చుట్టి, లోపలి జేబులో పెట్టుకొని, జేబు మీదికి వంగి మూడు కిలోమీటర్లు నడిచాను. ట్రియెస్ట్‌లో మనిషి లోపల, గడియారం బయట. మన ఇద్దరి విషయంలో ఆ వరుస తిరగబడింది. నా జలుబు చరిత్ర ఇది.

ఇంకొక సంగతి దాచకూడదు. ఆనాటి నుంచి రోజుకు అయిదారుసార్లు తమరి క్రౌన్ విప్పి మళ్లీ బిగిస్తున్నాను, నిజంగా బిగిసిందా లేదా చూసుకోవడానికి. అలా విప్పి బిగించిన కొద్దీ మర అరుగుతుందని, రింగు నలుగుతుందని ఈమధ్యనే తెలిసింది. అంటే నీటి వల్ల ఇంతవరకు జరగని నష్టాన్ని నా జాగ్రత్త వల్ల వాయిదాల పద్ధతిలో తమరికి కలిగిస్తున్నాను. నీట ముంచినా పాల ముంచినా తమరిదే భారమని చెప్పుకోవడానికి కూడా వీలు లేదు, ముంచే ధైర్యమే నాకు లేదు గదా.

ఇంతటితో ముగించి సంతకం చేయబోతుండగా ఒక అనుమానం వచ్చింది. ఇందాక బీరువా తెరిచి తమరి క్షేమం చూసినప్పుడు క్రౌన్‌ను విప్పిన మాట బాగా గుర్తుంది. బిగించిన మాట గుర్తు లేదు. బీరువా గదిలో తేమ కూడా కొంచెం ఎక్కువే. ఒక్క క్షణం ఓపిక పట్టండి, తాళం చెవి తీసుకొని వస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కుడి చెయ్యి మాత్రమే కడుక్కున్నవాడు