ఇంద్రుడికి గుళ్లు లేవెందుకు?

శాస్త్రి: వేదకాలంలో పెద్దవాడైన ఇంద్రుడు తగ్గిపోయి శివకేశవులు పెరిగారంటారు మీరు. దేవతల్లో ఒకరు పెరగడం, ఒకరు తగ్గడం అంటూ ఏమీ లేదు మాష్టారూ. ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తం ఎప్పుడో తేల్చేసింది: ‘ఏకం సద్విప్రా బహుధా వదంతి’. ఉన్నది ఒక్కటే, దాన్నే విప్రులు పలు పేర్లతో పిలుస్తారు. అలాంటప్పుడు పేరు ఏదైతేనేం?

మాష్టారు: అదే మంత్రం మొదలు కూడా చదవండి శాస్త్రిగారూ. ‘ఇంద్రం మిత్రం వరుణమగ్నిమాహుః’. తర్వాత గరుత్మంతుడు, యముడు, మాతరిశ్వుడు. విష్ణువు లేడు, రుద్రుడు లేడు. ఇవాళ అదే మాట చెప్పబోయేవారు శివకేశవులతోనే మొదలుపెడతారు. తత్త్వం సంగతి అలా ఉంచండి, నేనడిగేది ఈ వరస ఎందుకు మారిందని. 1028 సూక్తాల్లో దాదాపు 250 ఇంద్రుడివి, 200 దాకా అగ్నివి. విష్ణువుకి అచ్చంగా దక్కినవి ఐదారు.

శాస్త్రి: సూక్తాలు లెక్కపెట్టి పెద్దరికం తేలుస్తారా? ఏ ఆహుతైనా అగ్ని ద్వారానే వెళ్లాలి కాబట్టి ఆయనకి అన్ని సూక్తాలు. యజ్ఞాలను వివరించే ఐతరేయ బ్రాహ్మణం ఎత్తుకోవడమే ‘అగ్నిర్వై దేవానామవమో విష్ణుః పరమః’ అని, అంటే దేవతల్లో అగ్ని కింది మెట్టు, విష్ణువు పై మెట్టు. పురాణాలు రాకముందే విష్ణువు పరముడు!

మాష్టారు: ఆ వాక్యాన్ని కాదనలేను. లెక్క ఒక్కటే చాలదు. కానీ లెక్క అలా ఎందుకుందో మీరే చెప్పేశారు: సూక్తం కర్మ కోసం. అగ్నిష్టోమమనే సోమయాగం చూడండి. ఐదు రోజుల క్రతువు, యజ్ఞం నడిపే ఋత్విక్కులు పదహారుమంది, మూడు అగ్నులు. చివరి రోజు సోమలతను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పిండుతారు. మధ్యాహ్న సవనం, అంటే ఆ పూట పిండే సోమం, ఇంద్రుడిది. విగ్రహం లేదు. పనయ్యాక యాగశాలనే తగలబెట్టేస్తారు. పిలిస్తే వచ్చి, సోమం తాగి వెళ్లే దేవుడికి గుడి ఎవరు కడతారు? సోమయాగాలు అరుదయ్యేకొద్దీ ఆయన్ని పిలిచే సందర్భమే పోయింది.

రుద్రుడిది దీనికి తలకిందులు. శ్రౌతంలో, అంటే వేదోక్త యజ్ఞకర్మలో, ఆయనకి ఆహుతి వేశాక నీళ్లు ముట్టుకోవాలి, అంత భయం. త్ర్యంబక హోమం చేసేది నాలుగు దారుల కూడలిలో. శాలలో సరైన చోటు దొరకని ఆ దేవుడే బయట అందరికీ అందాడు. మన గుడిమల్లం లింగం క్రీస్తుపూర్వానిదని చాలామంది పండితులు అంటారు. ఇక విష్ణువు సంగతి: మధ్యప్రదేశ్‌లోని బెస్‌నగర్‌లో క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో గరుడ స్తంభం నిలిపింది హెలియోడోరస్, తక్షశిల నుంచి వచ్చిన గ్రీకు రాయబారి. వాసుదేవుణ్ణి దేవదేవుడన్నాడు. సోమయాగంలో ఆ గ్రీకువాడికి యాగం చేయించే యజమానిగా కూర్చునే అర్హత ఉండేదా? స్తంభం నిలపడానికి మాత్రం ఏ అడ్డూ లేకపోయింది.

శాస్త్రి: మంత్రం మాత్రం మారలేదుగా! వినాయక చవితికి చదివే ‘గణానాం త్వా’ ఋగ్వేదమంత్రమే.

మాష్టారు: రెండో మండలం 23వ సూక్తం. అక్కడ దేవత వినాయకుడు కాదు, మంత్రాలకు అధిపతి అయిన బ్రహ్మణస్పతి. నవగ్రహ పూజలో బుధుడికి చెప్పే ‘ఉద్బుధ్యస్వాగ్నే’లో పిలుపు అగ్నికి.

శాస్త్రి: వినియోగమనేది ఒకటుందండీ. ఏ మంత్రం ఏ కర్మలో వాడాలో పెద్దలు నిర్ణయించారు. దాన్ని దొంగతనంలా మాట్లాడితే ఎలా?

మాష్టారు: ఆ మాట నేననలేదు. పాత మంత్రం కొత్త దేవుడికి అమరిందంటే మధ్యలో ఏదో జరిగిందనే నా మనవి.

శాస్త్రి: సరే, మీ సిద్ధాంతం ప్రకారం విగ్రహం లేనివాడు వెనకబడాలి. అగ్నికి గుళ్లెక్కడున్నాయి? అయినా ఆయన లేకుండా పెళ్లి కాదు, గృహప్రవేశం కాదు, బ్రహ్మోత్సవంలో హోమం కాదు.

మాష్టారు: ఆహుతి మోసే పని ఇంకా ఉంది గనుక అగ్ని ఉన్నాడు. వరుణుణ్ణి చూడండి. ఒకప్పుడు పాపపుణ్యాలు విచారించే రాజు, ఇప్పుడు గుడి కప్పు మీద పడమటి దిక్పాలకుడు. సాయం సంధ్యలో ‘ఇమం మే వరుణ’ అంటున్నామంటే, ఆ సంధ్యావందనం మిగిలింది కాబట్టే.

శాస్త్రి: అలాగైతే ఇంద్రుడూ మిగిలాడు. గోదావరి డెల్టా అగ్రహారాల్లో ఇంట్లో యజ్ఞాగ్నులు నిలుపుకుని సోమయాగం చేసిన ఆహితాగ్నులున్నారు. ఆ శాలల్లో మధ్యాహ్నం ఇంద్రుడిదే. వాళ్ల దగ్గరికెళ్లి ఆయన తగ్గాడని చెప్పండి చూద్దాం.

మాష్టారు: ఆ గడపలో చెప్పను. కానీ అలాంటి గడపలు ఎన్ని మిగిలాయి శాస్త్రిగారూ?