పాస్‌వర్డ్ తప్పు కాదు, మీ లాగిన్ తెర తప్పు

మా నాన్నగారి పాస్‌వర్డ్ తప్పట! ఏళ్ల తరబడి ఒకే పాస్‌వర్డ్ కొడుతున్న మనిషికి ఇవాళ పొద్దున లాగిన్ తెర పదే పదే అదే మాట చెప్పింది. చివరికి నన్ను పిలిచి "నువ్వేమైనా మార్చావా అమ్మా?" అని అడిగారు. ఆయన అనుమానం నా మీద కాదు, తన జ్ఞాపకశక్తి మీద. నాకు మండింది అక్కడే.

నిన్న రాత్రి ఆయన లినక్స్ కంప్యూటర్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌కు తోడుగా కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ కూడా పెట్టాను. మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది: డిస్‌ప్లే మేనేజర్‌గా, అంటే లాగిన్ తెరను నడిపే ప్రోగ్రాముగా, గ్నోమ్ వాళ్ల జీడీఎం3 కావాలా, ఎస్‌డీడీఎం కావాలా? రెండింటిలో ఒక్కటే నడుస్తుందని చెబుతారు గానీ, ఏది ఎంచుకుంటే ఏమి మారుతుందో ఒక్క ముక్క చెప్పరు. కేడీఈ వాళ్లు 2014లో తమ డెస్క్‌టాప్ కొత్త వెర్షన్ ప్లాస్మా 5తో పాత లాగిన్ ప్రోగ్రాము కేడీఎంను వదిలేసి ఎస్‌డీడీఎంనే పట్టుకున్నారు కదా అని దాన్నే ఎంచుకున్నాను.

నాన్నగారు తెలుగులో రాస్తారు. అందుకే సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డరులోని కీబోర్డు ఫైలులో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల వరస ముందుంది. జీడీఎం ఉన్నన్నాళ్లూ దానితో ఇబ్బంది రాలేదు. కొత్త తెర మాత్రం ఆ వరసనే తీసుకుంది. ఆయన నొక్కిన ప్రతి మీటా తెలుగు అక్షరమై పెట్టెలో పడింది. పైకి కనిపించేవి చుక్కలే కాబట్టి ఏ లిపి పడుతోందో ఎవరికి తెలుస్తుంది? కీబోర్డు ఏ భాషలో ఉందో చూపించే గుర్తు కూడా ఆ థీములో లేదు. క్యాప్స్ లాక్ పడితే మాత్రం హెచ్చరిక వస్తుంది! క్యాప్స్ లాక్ ఈ తెరలు తయారుచేసేవాళ్లకు కూడా తగిలే కష్టం, లిపి మారడం మనకు మాత్రమే తగిలే కష్టం. ఈ తేడాకు నాకు మరో కారణం కనిపించడం లేదు.

నా ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్క్ మీదుగా, ఆ కంప్యూటర్ లోపలికి వెళ్లి, ఆ కీబోర్డు ఫైలులో ఇంగ్లిష్ వరస యూఎస్‌ను ముందుకు, తెలుగును వెనక్కి మార్చాను. తర్వాత ఎస్‌డీడీఎంను మళ్లీ మొదలుపెడితే గానీ తలుపు తెరుచుకోలేదు. ఇంట్లో నేను లేకపోతే? రిటైరైన మాస్టారు రూటు హక్కులతో, అంటే సిస్టమ్ మొత్తం మీద అధికారంతో, ఫైళ్లు దిద్దాలా?

జీడీఎం మాత్రం ఏమి తక్కువ తిన్నది? డెస్క్‌టాప్‌లో మానిటర్‌ను నిలువుగా తిప్పి పెట్టుకోండి, లాగిన్ తెర మాత్రం అడ్డంగానే పడుకుని ఉంటుంది. అది వేరే వాడుకరి పేరుతో నడుస్తుంది కాబట్టి మీ మానిటర్ అమరిక దాచే మానిటర్స్ ఎక్స్‌ఎంఎల్ ఫైలును రూటుగా దాని ఫోల్డరులోకి మోసుకెళ్లాలి. ఇక సెట్టింగుల ఫైలు ఒక్కో లినక్స్ రకంలో ఒక్కో చోట: ఉబుంటులో జీడీఎం3 ఫోల్డరులో కస్టమ్ కాన్ఫ్, డెబియన్‌లో అదే ఫోల్డరులో డీమన్ కాన్ఫ్, ఫెడోరాలో జీడీఎం ఫోల్డరులో కస్టమ్ కాన్ఫ్. ఒకే ప్రోగ్రాముకు ఇన్ని చిరునామాలు ఎందుకో ఎవరైనా చెప్పండి.

ఒకప్పుడు ఇలా లేదు, అదే నా అసలు బాధ. పాత జీడీఎంలో జీడీఎంసెటప్ అనే కిటికీ ఉండేది. థీము, శబ్దం, ఆటోమేటిక్ లాగిన్, అన్నీ మౌస్‌తో మార్చుకునేవాళ్లం. దాన్ని మొత్తం తిరగరాశారు. 2009లో ఉబుంటు 9.10తో ఆ కొత్తది మన దగ్గరకు వచ్చేసరికి థీములు ఎగిరిపోయాయి. పదహారేళ్లు దాటినా నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. వాడుకునేవాళ్ల చేతిలో ఉన్నదాన్ని లాక్కుని దానికి సరళత అని పేరు పెట్టారు.

2011లో ఉబుంటు 11.10 లైట్‌డీఎం అనే మరో డిస్‌ప్లే మేనేజర్‌ను తెచ్చినప్పుడు ప్రాణం లేచొచ్చింది. అందులో లాగిన్ పని చేసే భాగం ఒకటి, మనకు కనిపించే తెర, అంటే గ్రీటర్, మరొకటి. గ్రీటర్ నచ్చకపోతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. దాని సెట్టింగుల (కాన్ఫ్) ఫైలు చదివితే మనిషికి అర్థమవుతుంది. అంత చక్కటిదాన్ని 2017లో 17.10 రాగానే పక్కన పెట్టి మళ్లీ జీడీఎం గూటికే చేరారు.

ఈ సాయంత్రం నాన్నగారి కంప్యూటర్‌లో లైట్‌డీఎం పెట్టేశాను. "అది పాతబడింది, వేలాండ్ కాలంలో ఇంకా అదేమిటి" అని రాయబోయేవాళ్లకు ముందే చెబుతున్నాను: వేలాండ్, అంటే తెర మీద కిటికీలు చూపించే కొత్త పద్ధతి, దాని సెషన్లు లైట్‌డీఎం నుంచి కూడా మొదలవుతాయి. మీరు ముందు ఆ క్యాప్స్ లాక్ హెచ్చరిక పక్కన కీబోర్డు భాష పేరు చూపించండి, వేలాండ్ సంగతి తర్వాత మాట్లాడదాం.