అమ్మోనియా వంశం వారి బీరు సభ

దొండపర్తిలో ఒక సందు చివర ఏసీ మరమ్మతుల దుకాణం ఉంది. మా ఇంటి ఏసీ పద్నాలుగు రోజులుగా అక్కడ చికిత్స పొందుతోంది. సముద్రపు ఉప్పుగాలి దాని బయటి యూనిట్ రేకులను చెదపురుగులా తినేసిందట. మే నెలలో విశాఖపట్నంలో ఏసీ లేని మనిషి పోగలిగిన చోట్లు రెండే: రామకృష్ణా బీచి, లేదా ఏసీ ఎప్పుడిస్తారని అడగడానికి ఆ దుకాణం. నేను రెండోది ఎంచుకున్నాను. అలా రోజూ సాయంత్రం ఏడింటికి అక్కడ కొలువుతీరే పండిత సభకు ఏకైక శ్రోతనయ్యాను.

చర్చనీయాంశం ఎప్పుడూ ఒక్కటే. ఏ బీరు గొప్పది? నేను తాగను కాబట్టి నా నిష్పాక్షికతను ఎవరూ శంకించనక్కర్లేదు.

బీరు గురించి డాక్టర్లు మాట్లాడతారు, మంత్రులు మాట్లాడతారు, అత్తగార్లు ఎలాగూ మాట్లాడతారు. కానీ వంశపారంపర్యంగా ఆ హక్కున్నది ఏసీ మెకానిక్కులకే. నవ్వకండి, చరిత్ర వినండి. ఎండల్లో పులిసిన బీరు పాడవుతోందని 1553లో బవేరియా ప్రభువు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాయడమే మానిపించాడు. చలికాలంలో చెరువుల మీద మంచుగడ్డలు కోసి, నేలమాళిగల్లో దాచుకుని వాళ్లు శతాబ్దాల పాటు తంటాలు పడ్డారు. చివరికి 1870లలో కార్ల్ ఫాన్ లిండే అనే ఇంజినీరు బీరు తయారీదారుల డబ్బుతోనే చల్లబరిచే యంత్రం కట్టాడు. మొదట ఈథరుతో, తర్వాత అమ్మోనియాతో. అంటే మనం పెరుగు, కొత్తిమీర దాచుకునే ఫ్రిజ్‌కు బారసాల జరిగింది బీరు బట్టీలో. ఏసీ మాత్రం 1902లో అమెరికాలో ఒక అచ్చు యంత్రశాలలో, కాగితం తేమకు ఉబ్బకుండా ఉండటానికి పుట్టింది. ఆ ముక్క దుకాణంలో పెద్దాయన ముందు ఎత్తకండి. ఆయన కుర్రతనంలో ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు. అమ్మోనియా వాసన పీల్చి పెరిగిన వంశం తనదని ఆయన నమ్మకం.

పెద్దాయన కింగ్‌ఫిషర్ భక్తుడు. సీసా మీద లకుముకి పిట్ట లేకపోతే అది బీరే కాదంటాడు. శ్రీకాకుళం దారిలో రణస్థలం దగ్గర బీరు ఫ్యాక్టరీ ఉంది కాబట్టి అందులో మన ప్రాంతపు నీళ్లున్నాయని ప్రాంతీయాభిమానం కూడా కలుపుతాడు. గ్యాసు నింపే ఆయన స్ట్రాంగు బీరు వర్గం.

“బావా, ఆ పిట్ట బీరు తాగడమూ, కెపాసిటర్ మార్చకుండా బిల్లు వేయడమూ ఒకటే. డబ్బులు పోతాయి, ఫలితం ఉండదు.”

“నీది బీరు కాదు బావా, కంప్రెసర్ ఆయిలు.”

పనిలో చేరి ఏడాదైన కుర్రవాడికి ఆకుపచ్చ సీసా విదేశీ బీరంటే మోజు. పెద్దాయన జాలిపడ్డాడు. “నాయనా, వెలుతురు తగిలితే బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల సారం చెడి కంపు కొడుతుంది. గోధుమరంగు సీసా దాన్ని ఆపుతుంది, పచ్చది అంతగా ఆపలేదు. నువ్వు డబ్బిచ్చి కొంటున్నది ఎండ దెబ్బ.” ఇంత తెలిసిన మనిషి మా ఏసీని రెండు వారాలుగా ఎండలోనే ఉంచాడు.

అసలు ఆంధ్రప్రదేశ్‌లో ‘ఇష్టమైన బీరు’ అనడమే ఒక సాహసం. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు విశాఖవాసులకు యానాంలో, ఒడిశాలో హఠాత్తుగా చుట్టాలు పుట్టుకొచ్చారు. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపిన ఐదేళ్లలో తెలిసిన పేర్లు మాయమై, ఎన్నడూ వినని పేర్లు అరల్లో కూర్చున్నాయి. ఏది కావాలని అడగడం అప్పట్లో అమాయకత్వం. ఉన్నది ఏదో, ఇష్టం కూడా అదే. చూపులు లేకుండా జరిగే పెళ్లిలాంటిది. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగొచ్చాక గానీ ఈ సభకు వాదించుకోవడానికి సరుకు దొరకలేదు.

మొన్న శనివారం కుర్రవాడు తెగించాడు. ఎదురుగా ఉన్న వైన్‌షాపు నుంచి (వైను తప్ప అన్నీ అమ్ముడుపోయే చోటును మనం అలాగే పిలుస్తాం) మూడు రకాలు తెచ్చి, సీసాలకు పాత దినపత్రిక చుట్టాడు. షట్టరు సగం దించారు. స్టీలు గ్లాసులు వచ్చాయి. గ్యాసు నింపే ఆయన లకుముకి పిట్టను ఒక్క గుక్కలో తాగి, “ఇదీ అసలైన స్ట్రాంగంటే” అన్నాడు. పెద్దాయన కళ్లు మూసుకుని, నాలుక మీద తిప్పి, పచ్చ సీసాలోదాన్ని రణస్థలం నీళ్లుగా ధ్రువీకరించాడు.

కాగితాలు విప్పాక దుకాణంలో సీలింగు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. గ్లాసుల్లో నురగ మాత్రం పొంగి అంచులు దాటుతోంది.

పెద్దాయన చాలాసేపు ఆ నురగనే చూశాడు. తర్వాత ఏసీ గాలి కొలిచే థర్మామీటరు తీగను గ్లాసులో ముంచాడు. పద్నాలుగు డిగ్రీలు. ఆయన ముఖంలో పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

“తప్పు బీరుదీ కాదు, మనదీ కాదు. ఇంత వెచ్చగా ఉంటే గ్యాసు నిలుస్తుందా, రుచి తెలుస్తుందా? వాళ్ల ఫ్రిజ్ చెడింది. పదండి!”

రెండు నిమిషాల్లో పనిముట్ల సంచులు భుజాలకెక్కాయి. పద్నాలుగు రోజుల్లో నేను చూడని వేగం అది. పిలవని మరమ్మతు, పైసా బిల్లు లేదు. నేనూ వెంట నడిచాను. పెద్దాయన వైన్‌షాపు ఫ్రిజ్ తలుపు తెరిచి, రబ్బరు పట్టీని వేలితో తడిమి, జేబులోంచి ఒక కాగితం తీసి మధ్యలో పెట్టి తలుపు మూశాడు. పట్టు గట్టిగా ఉంటే కాగితం లాగినా రాకూడదు. ఇది లాగకుండానే జారి నా కాళ్ల దగ్గర పడింది.

“చూశారా సార్, రబ్బరు పోయింది” అన్నాడు విజయగర్వంతో.

వంగి తీశాను. మా ఏసీ అప్పగించినప్పుడు రాసిన చీటీ అది. కింద ‘అర్జెంటు’ అని ఎర్ర సిరాతో రెండుసార్లు గీత గీసి ఉంది.