బస్తీ దవాఖానాలో పిల్లల్ని ఏం అడగాలి?

కడుపునొప్పి అంటూ హైదరాబాద్‌లో ప్రభుత్వం నడిపే బస్తీ దవాఖానాకు పదేపదే వచ్చే పిల్లకు మొదట నులిపురుగుల మందు ఇస్తారు. తగ్గకపోతే స్కానింగ్ రాస్తారు. రాత్రిళ్లు ఇంట్లో ఏం జరుగుతోందని మాత్రం అడగరు. డాక్టర్లకు మనసు లేక కాదు, ఆ అడగడం వాళ్లకెవరూ నేర్పలేదు. బయట క్యూ కూడా ఆగదు.

చిన్నతనంలో దెబ్బలు, లైంగిక వేధింపులు, ఇంట్లో తాగుడు, కొట్లాటలు ఎంత ఎక్కువ చూస్తే పెద్దయ్యాక గుండెజబ్బు, డిప్రెషన్ ముప్పు అంత పెరుగుతుందని అమెరికాలోని శాన్ డియాగోలో జరిగిన ఏస్ (చిన్ననాటి చేదు అనుభవాలు) అధ్యయనం 1998లో చెప్పింది. రోజూ భయమే ఉండి, దగ్గరకు తీసుకునే పెద్దదిక్కు లేకపోతే ఒంట్లో కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్ల లెక్క తప్పుతుంది. దాన్నే టాక్సిక్ స్ట్రెస్ అంటున్నారు. కాలిఫోర్నియాలో 2020 నుంచి పేదల ప్రభుత్వ బీమా కింద ఈ చేదు అనుభవాల గురించి అడిగి స్కోరు వేసే ఒక్కో స్క్రీనింగ్‌కు డాక్టరుకు 29 డాలర్లు ఇస్తున్నారు. అందుకు రెండు గంటల ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేసి ఉండాలి.

శిక్షణ అనే ఆలోచన మనమూ తీసుకోవచ్చు. స్కోరు మాత్రం వద్దు. జనాభా మొత్తాన్ని అంచనా వేయడానికి పుట్టిన లెక్క అది. ఒక్క పిల్లవాడి భవిష్యత్తును దానితో తేల్చవద్దని ఆ అధ్యయనం చేసిన రాబర్ట్ ఆండానే 2020లో హెచ్చరించారు. పైగా 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ అధ్యయనంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నామని చెప్పారు. అందరికీ మార్కులు పడే చోట ఆ మార్కులతో ఎవరిని ముందు పట్టించుకోవాలో తెలియదు.

అసలు చిక్కు పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టంతో. పిల్ల నోరు విప్పి లైంగిక వేధింపు గురించి చెబితే డాక్టరైనా, నర్సైనా పోలీసులకు తెలపాల్సిందే. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. తల్లేమో "పోలీసులొద్దు మేడమ్, బస్తీలో తలెత్తుకోలేం" అని కాళ్లావేళ్లా పడుతుంది. అలాంటప్పుడు ఏం చేయాలో తెలియని మనిషి చేతికి ప్రశ్నల ఫారం ఇవ్వడం ప్రమాదం. ఏది గుట్టుగా ఉంచగలం, ఏది ఉంచలేం అన్నది అడగడానికి ముందే చెప్పాలి. ఎఫ్ఐఆర్ నమోదు కాకపోయినా వైద్య పరీక్ష చేయించవచ్చన్న సంగతి తల్లికి తెలియాలి. శిక్షణలో సగం టైమ్ దీనికే పోయినా నష్టం లేదు.

మిగతా సగం అడిగే తీరుకు. అత్తగారి ఎదుట "ఇంట్లో అంతా బాగేనా?" అంటే "ఆ, బాగనే ఉన్నం" అన్న జవాబే వస్తుంది. పాతబస్తీలో ఆ ప్రశ్న ఉర్దూలో పడాలి. నా ఉద్దేశంలో ముందు నేర్పాల్సింది డాక్టర్లకన్నా నర్సులకు, ఆశాలకు. గడప దాటి ఇంట్లోకి వెళ్లేది వాళ్లే కదా. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఇప్పటికే బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల్ని పరీక్షిస్తున్నాయి. కానీ వరుసలో నిలబెట్టి పళ్లు చూసినట్టు దీన్ని చూడలేం, అక్కడ అనుమానం వచ్చిన పిల్లను విడిగా మాట్లాడించే చోటుకు పంపాలి.

ఆ చోటు ఎవరిదో శిక్షణ రోజునే తేల్చుకోవాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద అంటిస్తే సరిపోదు. వేధింపులకు గురైన మహిళలకు, పిల్లలకు సాయం చేసే భరోసా సెంటర్ సిబ్బందినీ, ఆ ఏరియా ఆశాలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో, పిల్లను ఎవరు తీసుకెళ్తారో, ఆటో డబ్బులు ఎవరిస్తారో అక్కడే రాసుకోవాలి.